ఇన్‌సఫిషియెన్సీ అంటే ఏమిటంటే

ఎడిసన్ నుంచి

చి. సౌ. స్మృతికి అమ్మ ఆశీస్సులు. నేనూ మీ నాన్నా కులాసా. ఫ్రీమాంట్‌లో నువ్వూ, అల్లుడూ, నీ కడుపులోని బుజ్జిదీ హాయిగా ఉన్నారని తలుస్తాను.

నాన్న ఫోన్ ఎందుకు ఎత్తడంలేదని అడిగావు. కిందటి వారం ఆయన గుండెకు స్కాన్ తీశారు. డాక్టర్ చెప్పేలోపే రిపోర్ట్ ఫోన్‌లోకి వచ్చేసింది. అందులో ‘మైల్డ్ మైట్రల్ ఇన్‌సఫిషియెన్సీ’ అని ఉంది. మైల్డ్‌ను వదిలేసి మిగతాది పట్టుకున్నారు.

“ఛాయా, నా గుండె చాలదటే!” అన్నారు, సోఫాలో కూలబడి. అంతే, వాకింగ్ మానేశారు. జావ తప్ప ఏదీ ముట్టలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

నేను యూనివర్సిటీలో వింటున్న క్లాసు దేని గురించని కూడా అడిగావు కదా, అదిక్కడే పనికొచ్చింది. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్ వైద్యులు లాటిన్ వదిలి ఇంగ్లీషులో పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. నీరసం, వాపు, అరుగుదల లాంటి వాటికి లాటిన్ నుంచే పేర్లు తెచ్చుకున్నారు. మనం నీరసాన్ని దౌర్బల్యం అన్నట్టే. అయితే చదివేవాళ్లకు అర్థం కాదేమోనని చాలామంది పక్కనే ఇంటి మాట కూడా రాసేవారు: ‘డెబిలిటీ ఆర్ వీక్‌నెస్’ అని. ఆ ‘ఆర్’ అంటే నాకెంత ఇష్టమో!

మొన్న రిపోర్ట్ గురించి మాట్లాడటానికి క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరమ్మ ఇన్‌సఫిషియెన్సీ అని మొదలుపెట్టగానే మీ నాన్న మొహం పాలిపోయింది. నేను అడ్డుపడ్డాను.

“డాక్టర్, దీనికి ఇంట్లో వాడే మాట చెప్పండి. వాల్వ్ సరిగా క్లోజ్ కావట్లేదనా?”

“ఎగ్జాక్ట్‌లీ. ఎ టైనీ లీక్. ఏడాదికోసారి చెక్ చేద్దాం, చాలు.”

“లీకా?” మీ నాన్న నిటారుగా కూర్చున్నారు. “మన కిచెన్ సింక్‌కీ ఉంది కదే! ఆ ముక్క ముందే రాసి చావచ్చు కదా!”

తిరుగుదారిలో ఓక్‌ట్రీ రోడ్డులో కారాపి రెండు మసాలా దోసెలు తిన్నారు. నేను ఒకటే తిన్నాను.

ఇక ఫోన్‌లో చెప్పలేకపోయిన సంగతి. నువ్వు మధ్యలో ‘అమ్మా’ అంటే నేను ఆగిపోతాను, అందుకే రాస్తున్నాను. వైద్యులు లాటిన్ నుంచి తెచ్చుకున్న ఆ మాటల మీదే పీహెచ్‌డీ చేయమని మా ప్రొఫెసర్ అన్నారు. అప్లై చేశాను. సీటొచ్చింది. జూన్‌లో నీ దగ్గరికి వచ్చి ఉండిపోతానని నువ్వు గది కూడా సర్దావు. వస్తాను తల్లీ. పథ్యం వండుతాను, బిడ్డకు నీళ్లు పోస్తాను. కానీ ఉండిపోను. ఆగస్టు చివర్లో నాకు క్లాసులు.

మీ నాన్నకు నిన్ననే చెప్పాను. “అరవై రెండేళ్లకి పీహెచ్‌డీయా?” అన్నారు. మళ్లీ ఆయనే, “క్యాంపస్‌లో పార్కింగ్ కష్టం. నేను డ్రాప్ చేస్తాలే” అన్నారు.

నీకు కోపం వస్తుంది. రానీ, కోప్పడ్డాక ఫోన్ చెయ్యి. ఇన్నేళ్లూ ఏ పనైనా మీ అందరినీ అడిగి మొదలుపెట్టాను. ఈసారి ముందు సరేనని సంతకం పెట్టి, తర్వాత చెబుతున్నాను. బాధపడతాననుకున్నాను స్మృతీ. సంతోషంగా ఉంది.

ఇట్లు,
కొత్త స్టూడెంట్ ఐడీలో జుట్టు చెదిరి కనిపిస్తున్న
మీ అమ్మ
ఛాయాదేవి