నీ కారు శిరివెళ్ల దాటింది

నాయనా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఆ ఏడాదంతా నీ కారు ఆళ్లగడ్డ ఇంటి ముందు షెడ్డులో కదలకుండా ఉంది. మొన్న చిన్నాయన వచ్చి తాళం తిప్పితే టక్కుమని కూడా అనలేదు.

"బ్యాటరీ సచ్చిపాయె పాపా. ఎల్లుండి మనిషిని పంపిస్తా, పాత ఇనుము కింద ఇచ్చేయ్," అన్నాడు.

"అంతలోపల నేనొకసారి చూస్తా చిన్నాయనా," అన్నాను.

నంద్యాలకు బస్సులో వెళ్లి ఛార్జర్ కొన్నాను. బ్యాటరీ నిండగానే తనంతట తానే కరెంటు తగ్గించుకునే రకం. దాంతో వచ్చిన కాగితం రెండుసార్లు చదివాను. నువ్వు తలుపులు మూసి ఛార్జింగ్ పెట్టి, బ్యాటరీ గ్యాసుకు నిప్పురవ్వ అంటుకుని కనుబొమలు కాల్చుకున్నది నాకు గుర్తే. అందుకే షెడ్డు తలుపులు బార్లా తెరిచి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకున్నాను. ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్లది బ్యాటరీకి దూరంగా ఇంజన్ మీది బోల్టుకు పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేశాను.

"ఏం చేస్తాండావ్? నాకు బయమైతాంది," అంటూ అమ్మ గడప దగ్గరే నిలబడింది.

ఈ పొద్దున పచ్చలైటు వెలిగింది. ముందు ప్లగ్గు పీకి, తర్వాత నల్లది, చివర ఎర్రది తీసి, తాళం తిప్పాను. ఒక్కసారికే ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడుకు పక్కింట్లోంచి చిన్నాయన పరుగున వచ్చాడు.

"యాడ నేర్చుకున్యావ్ పాపా ఇది?" అన్నాడు. పాత ఇనుము మాట మళ్లీ ఎత్తలేదు.

ఏడాదిగా వాకిలి దాటని అమ్మ, పిలవకుండానే వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. నంద్యాల దారి పట్టాం. శిరివెళ్ల దాటాక అద్దం దించి, గాలికి మొహం పెట్టి, "ఇంగా బిరీన పోనీ," అంది.