వాలిన కలబంద

అమ్మా, నేను బాగానే ఉన్నాను, ఈ కార్డు కంగారు పడకుండా చదువు.

నువ్విచ్చిన కలబంద ఆకులు వాలిపోయాయని రాసిన పాపానికి ఇంట్లో తలా ఒక ఉత్తరం రాశారు. "బెంగతో వాడింది, దాన్ని తీసుకుని వచ్చెయ్" అని నాన్న. "మొక్కనే సాకలేనిది ఒంటరిగా ఏం బతుకుతుంది" అని అన్నయ్య. దానికి బెంగా లేదు, గింగా లేదు. కుండీలోంచి పెరికి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. దాన్ని పెట్టింది మా కుట్టు షాపులోనే కదా, అక్కడ పని ముగిశాక ఆవిరి ఇస్త్రీపెట్టెల్లో మిగిలిన నీళ్లు పారబోయాలి. మనసొప్పక అందరం, ఒకరికి తెలియకుండా ఒకరం, దాని మొదట్లోనే పోస్తున్నాం! ఆకులు వాలేకొద్దీ దాహమేమోనని ఇంకాస్త పోశాం.

"పారెయ్యమ్మా, ఇంకోటి కొందాం" అన్నారు టైలరు మాస్టారు. "చచ్చినా పారెయ్యను" అన్నాను. కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఎండలో ఆరబెట్టి, ఇసుక కలిపిన పొడిమట్టిలో నాటి, కిటికీలో పెట్టాను. కుండీ దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు. ఆకులింకా లేవలేదు. లేస్తాయి.

అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది? చెల్లి నా కత్తెరతో కాగితాలు కోస్తే చెయ్యి విరుస్తానని చెప్పు. అడుగున చిల్లున్న మట్టికుండీ ఒకటి ఎవరితోనైనా పంపు.

నాన్నకి, అన్నయ్యకి నమస్కారాలు. నేను మొక్కకి నీళ్లు ఆపాను. వాళ్లనీ కొన్నాళ్లు "వచ్చెయ్" అని రాయడం ఆపమను. మొక్కా నేనూ, మేమిద్దరం ఎందుకు నిలబడమో నేనూ చూస్తాను.

నీ మొండిఘటం