దేవి దవడ వాపు

దేవి నాయినా, అడవి నుంచి రాగానే కుండలో ఉన్న అంబలి తాగి, దేవి ఆధార్ కార్డు పట్టుకుని నేరుగా భద్రాచలం దవాఖానకు రా. మేకల్ని పక్కింటి హిడ్మేకు అప్పజెప్పిన.

పొద్దున నువ్వు పిల్ల పంటికి గుడాకు, ఆ పొగాకు ముద్ద, రాసి పోయినంక నొప్పి తగ్గింది గానీ, వాపు దవడ దాటి మెడకు దిగింది. నోరు తెరవలేకపోతుంది, ఉమ్మి కూడా మింగలేకపోతుంది. ఊళ్లో మందులిచ్చే మితానిన్ సుమిత్ర చూసి, గొంతు మూసుకుంటే ఊపిరాడదు, ఇంక ఆగొద్దని బండి పిలిపించింది.

మొన్నటి నుంచి దవాఖానకు పోదామని నేను మొత్తుకుంటనే ఉన్న. పొగాకుకు పంటి చిగురు మొద్దుబారితే నయమైందంటివి.

ఇంకా తిట్టి రాద్దామనుకున్న. పక్కన కూసోని నేను రాసేది చదువుతున్న దేవి నా చెయ్యి పట్టుకుని వద్దని తలూపింది. బిడ్డకు మాట వస్తలేదు.