కూడికలో నువ్వు చెప్పాల్సింది

తమ్ముడూ,

పొద్దుటి ప్రార్థనలో నిన్ను తలచుకుని, లేచి ఇది రాస్తున్నాను. నువ్వు నేవీలో వైస్ అడ్మిరల్ అయినందుకు ఆదివారం ఎల్బీ నగర్ మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. మన సంఘంలోని రెబెక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీ చేయించింది. అందులో నీ పక్కన యుద్ధవిమానం ఉంది. మావాడు నడిపింది హెలికాప్టరమ్మా అంటే, "జెట్ అయితెనే జబర్దస్త్ ఉంటదక్కా" అంది. అదే కట్టిస్తున్నాం.

రాస్తున్నది వేరే సంగతికి. హెలికాప్టర్ సముద్రంలో పడిన రోజు దేవుడు నిన్నెలా బతికించాడో నీతో సాక్ష్యం చెప్పించాలని పాస్టరుగారి ఆశ. ఆ రోజు నీతోనే ఉండి, తిరిగిరాని ఎలీషా వాళ్ళమ్మ సాలొమమ్మ కూడా బడంగ్‌పేట్ నుంచి వస్తోంది. ఇన్నేళ్ళలో నువ్వు వాళ్ళింటికి వెళ్ళలేకపోయావు. ఎందుకని నేను అడగను.

ఆమె ముందు ఆ సాక్ష్యం వద్దు. నిన్ను కాపాడినందుకు స్తోత్రం నేను ఇంట్లో చెప్పుకుంటూనే ఉన్నాను.

పిలవడానికి వెళితే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు ఎట్ల సచ్చిపోయిండో అందరు చెప్పిన్రు బిడ్డా. గా ఓడల ఎట్ల బతికిండో ఎవ్వరు చెప్పలే. ఏం తినేటోడు, ఎవర్ని నవ్విచ్చేటోడు? నీ తమ్మునికి యాదికుంటది, జర చెప్పమను."

సాక్ష్యం బదులు ఇదే చెప్పించడానికి పాస్టరుగారు సరేనన్నారు. ఓడ మీద ఎలీషా చేసిన అల్లరి నువ్వు సెలవుల్లో వచ్చి చెబితే, మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. అవే చెప్పు. మధ్యలో చెప్పలేకపోతే ఆగు, మేం పాట ఎత్తుకుంటాం.

అక్క