నాకు వినపడిన మాట

ఫిబ్రవరి 2, సోమవారం

తమ్ముడి కూతురు పిట్టకి ఇంకో మూడు నెలల్లో డిగ్రీ అయిపోతుంది. కాలేజీలో కెరీర్ కౌన్సెలర్‌ని కలిసి వచ్చింది. ఆటల రంగంలో చాలా దారులున్నాయట. ఫిజియో, ఈవెంట్ మేనేజ్‌మెంట్, టీవీ, డేటా. అన్నీ విని, నేను రిఫరీ అవుతాను అందట. ఆయన పెన్ను కింద పెట్టి, ఇంట్లో అడిగావా అన్నాడట.

అడగడం కాదు, చెప్పింది. రెండు నెలలుగా మాకెవరికీ తెలియకుండా శిక్షణకి కూడా వెళ్తోందట. తమ్ముడు ఫుట్‌బాల్ కోచ్. అన్నం చెయ్యి కడుక్కోకుండానే అరగంట అరిచాడు. ఆడటం చేతకానివాళ్లే ఈల ఊదుతారన్నాడు. ఊరందరి చేతా తిట్లు తినే ఉద్యోగానికి డిగ్రీ ఎందుకే అన్నాడు. పిట్ట తగ్గలేదు. తిట్లు ఇంట్లోనే ప్రాక్టీసయ్యాయి నాన్నా, బయట కొత్తేం కాదు అంది. మరదలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను మాట్లాడలేదు. ఈ ఇంట్లో పెద్దదాన్ని. నా మాటే ఆఖరి మాట అవుతుంది కాబట్టి పొదుపుగా వాడతాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. అత్తా, కోచ్ గారిని బాత్రూమ్ ఖాళీ చెయ్యమను అంటుంది అది. అక్కా, రిఫరీ గారికి ఎక్స్‌ట్రా టైమ్ లేదని చెప్పు అంటాడు వాడు.

మధ్యలో బంతిని నేను.

ఫిబ్రవరి 8, ఆదివారం. సాయంత్రం

ఇవాళ తమ్ముడి జట్టుకి మ్యాచ్. రావాల్సిన రిఫరీకి మెట్ల మీద కాలు మడతపడింది. పక్క గ్రౌండ్‌లో ట్రైనీ డ్యూటీ చేస్తున్న పిట్ట తప్ప ఇంకెవరూ దొరకలేదు. సొంతవాళ్ల మ్యాచ్‌కి ఈల పట్టకూడదని రూలు. రెండు జట్లూ ఒప్పుకుని సంతకం పెడితే పట్టొచ్చట. ముందు పెట్టింది తమ్ముడే. ఇంటి ఈల, మనకే కదా మోగేది అని నవ్వుతూ పెట్టాడు. మ్యాచ్ రద్దయ్యే కంటే మేలని అవతలి కోచ్ కూడా పెట్టాడు.

ఇంకో మూడు నిమిషాలుందనగా తమ్ముడి డిఫెండర్ ఎదుటివాడి చొక్కా పట్టి లాగాడు. పిట్ట పెనాల్టీ ఇచ్చింది. గోల్ అయింది. తమ్ముడు గీత దాకా వెళ్లి కన్నకూతుర్ని ఒక మాట అన్నాడు. అరవలేదు. పళ్ల బిగువున అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. బెంచీ వెనక కుర్చీలో ఉన్న నాకు స్పష్టంగా వినపడింది.

పిట్ట జేబులోంచి ఎర్రకార్డు తీసింది. మిగతా ఆట తమ్ముడు కంచె బయట నిలబడి చూశాడు.

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున జపం అయ్యాక రోజూలా తమ్ముడి కోసం ప్రార్థించలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పిట్ట ఆ మాటని ఉన్నదున్నట్టు రిపోర్టులో రాసి ఫుట్‌బాల్ సంఘం కమిటీకి ఇచ్చింది. చుక్కలు పెట్టి వదలకూడదట, అదే పద్ధతట. తమ్ముడు నేనసలు నోరే విప్పలేదన్నాడు. బెంచీ మీది ఆటగాళ్లందరూ మాకేం వినపడలేదన్నారు. వాళ్లకి వచ్చే మ్యాచ్‌లో ఆడాలని ఉంటుంది కదా.

ఒక్క సాక్షి చెప్పినా రిపోర్టు నిలుస్తుంది. లేకపోతే తప్పుడు రిపోర్టు అని పిట్ట పేరు ట్రైనీ లిస్టులోంచి కొట్టేస్తారు. ఇక జన్మలో ఈల పట్టలేదు.

బెంచీ వెనకే ఉన్నానని నన్ను సోమవారం సాక్షిగా రమ్మన్నారు.

ఫిబ్రవరి 16, సోమవారం

కమిటీ గది. ఇనప బీరువా, దాని మీద దుమ్ముపట్టిన కప్పులు. అమ్మా, మీకేం వినపడింది అని సెక్రటరీ మర్యాదగానే అడిగాడు. తమ్ముడు నా వైపు చూశాడు. ఐదేళ్ల వయసులో అద్దం పగలగొట్టి నా వెనక నక్కినప్పటి చూపు.

జపం చేసుకుంటున్నాను, ఏమీ వినపడలేదు అన్నాను. గుమాస్తా రాసుకున్నాడు. సంతకం పెట్టాను. పిట్ట నా చేతుల వైపే చూస్తోంది.

మెట్లు దిగుతుంటే తమ్ముడు అక్కంటే అక్కే అన్నాడు. రెండోసారీ అన్నాడు. భుజం మీంచి వాడి చెయ్యి తీసేశాను.

తీర్పు బుధవారమట.

ఫిబ్రవరి 17, మంగళవారం. ఉదయం 6

పిట్ట నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. మ్యాచ్ రోజు నీ జపమాల ఈ మేకుకే వేలాడుతోందత్తా, వెళ్లేముందు చూశాను అంది. మరి నిన్న అక్కడే చెప్పలేకపోయావా అన్నాను. ఈల మ్యాచ్ అయ్యేదాకానే నా చేతిలో ఉంటుంది, ఆ తర్వాత నీ ఇష్టం అంది. వెళ్లిపోయింది.

మాల లేకుండా కూడా జపం చెయ్యొచ్చు అనబోయాను. ఆ రోజు అలా కూడా చెయ్యలేదు. యాభై నాలుగేళ్లొచ్చి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

జపానికి కూర్చున్నాను. మూడో పూస దగ్గర ఆ మాటే వచ్చింది. నాలుగో పూస దగ్గరా అదే. లేచాను.

ఫిబ్రవరి 17. మధ్యాహ్నం

కమిటీ గదికి ఒక్కదాన్నే వెళ్లాను. పాత కాగితం కొట్టేసి కొత్తది రాసిచ్చాను. సెక్రటరీ పైకి చదవమన్నాడు. నా నోట ఎన్నడూ రాని మాట. చదివాను.

గుమాస్తాకి వినపడలేదట.

మళ్లీ చదివాను.