మన చెల్క పడావు కాదు

ఏమయ్యా,

పొద్దున్నే పోయి గుర్వయ్య మందను తోలెయ్యకు. ఎరువు కోసం చెల్కల గొర్రెలను పెట్టమని మనమే పిలిచినం. సర్వేకొచ్చిన సారు వాటిని చూసి సాగు లేదు, పడావు అని రాసుకపోతే గుర్వయ్య తప్పేముంది? నిన్న ఆయన్ను అన్ని మాటలు అనకుండా ఉండాల్సింది. గంపల జొన్నరొట్టెలున్నయి, ఆయనకు తీసుకపో.

పట్టా అత్తమ్మ పేరు మీదుంది కాబట్టి ఆమెతోని దేవరకొండ ఆఫీసుకు పోతున్న. రాసింది మార్చకపోతే రైతు భరోసా రాదు.

అత్తమ్మ నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. "పైసలు రాకుంటే పాయె, నా చెల్కను పడావన్న మాట కొట్టేయమను" అంటున్నది.

భాగ్య

అత్తమ్మ కొంగున పిడికెడు గొర్రె పెంట కట్టుకున్నది, సారుకు చూపెడతదట. నాకు వద్దన బుద్ధి కాలేదు.