సమాధులకు సున్నం

వింజమూరు దగ్గర నుంచి,
15-4-1996

పెంచలప్రసాద్‌కు,

క్షేమం అడుగుతూ మొదలుపెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. నా కొడుకు ప్రభుదాసునీ కోడలినీ నరికినందుకు నీకు ఉరిశిక్ష పడింది. నీకు ఉత్తరం రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఈస్టరుకు మావాళ్లు సమాధులకు సున్నం వేస్తారు. ఈసారి మోకాళ్ల నొప్పులతో నేను ఆలస్యం చేశాను. శనివారం పొద్దున వెళ్లి చూస్తే మీ అమ్మ చెంచులక్ష్మి బకెట్టు పెట్టుకుని రెండు సమాధులకూ సున్నం కొడుతోంది.

"ఎవురు పంపినారు నిన్ను? లాయరా?" అని అడిగాను.

"లాయరు కాదన్నా. నా కొడుకే రాసినాడు. పెద్దాయనకి కాళ్లు బాగలేవంట, నువ్వు పోయి కొట్టమ్మా అని. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, గీకేసి పోతా" అంది.

గీకమనలేదు. ఇంటికి వచ్చేశాను.

నీ క్షమాభిక్ష అర్జీ మీద నన్ను సంతకం పెట్టమని మీ లాయరు వచ్చిపోయిన వారానికే ఇది జరిగింది. అందుకే నాకు అనుమానం. నా కాళ్ల సంగతి జైల్లో ఉన్న నీకు ఎవరు చెప్పారు? ఈ ఆలోచన నీదేనా, ఆయన నేర్పిందా?

ఉత్తరంలో నువ్వు ఏం రాసినా నేను నమ్మలేను. ఎదురుగా అడగాలి. జైలుకు దారి నాకు తెలియదు. వచ్చే నెల మీ అమ్మ వచ్చేటప్పుడు ఆమె వెంట వస్తాను. బస్సులో ఆమెతో ఏం మాట్లాడాలో కూడా తెలియదు.

సంతకం పెడతానని అనుకోవద్దు. నన్ను చూసి తల మాత్రం దించుకోవద్దు. నాకు నీ మొహం కనపడాలి.

ఇట్లు,
ప్రభుదాసు నాయన